పోర్చుగీసు మాట పుట్టుక మీరే తేల్చుకోవడం ఎలా?

"బాల్చీ పోర్చుగీసు మాటేనటగా, నిజమేనా?" "మేస్త్రీ కూడానా?" "వాళ్ళ సౌదాదె అరబ్బీ నుంచి వచ్చిందంటున్నారు, ఏమంటారు?" నాకు ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఒక్కో మాటకీ విడిగా జవాబు చెప్పడం కంటే, మీరే కూర్చుని తేల్చుకునే పద్ధతి చెబితే మేలనిపించింది. పోర్చుగీసు భాష రాకపోయినా ఫర్వాలేదు. మాటకి ఒక సాయంత్రం కేటాయించే ఓపిక ఉంటే చాలు.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే వెతుకులాట అక్కడ మొదలవుతుంది, అక్కడ ముగియదు. ధ్వనుల లెక్క కుదరాలి, తేదీలు కుదరాలి, మాట నడిచి వచ్చిన దారి కనిపించాలి. ఈ మూడూ ఉంటేనే పుట్టుక తేలినట్టు.

ఇక్కడ మాటలన్నీ తెలుగు లిపిలో, పలికే తీరుకు దగ్గరగా రాస్తున్నాను. ముక్కుతో పలికే అచ్చుల దగ్గర అరసున్న పెట్టాను. మీరు నిఘంటువులో వెతికేటప్పుడు మాత్రం అసలు స్పెల్లింగుతోనే వెతకాలి.

ఏమేం కావాలి

పోర్చుగీసు నిఘంటువు ఒకటి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రిబెరాం మొదలుపెట్టడానికి చాలు, చాలా మాటల దగ్గర పుట్టుకను క్లుప్తంగా చెబుతుంది. వీలైతే ఆంతోనియు జెరాల్దు ద కూన్యా కూర్చిన వ్యుత్పత్తి నిఘంటువు సంపాదించండి. మాట ఏ శతాబ్దంలో మొదట రాతకెక్కిందో అందులో రోమన్ అంకెల్లో ఉంటుంది.

పోర్చుగీసుకు తల్లి లాటిన్ కాబట్టి లాటిన్ నిఘంటువు ఒకటి. స్పానిష్, ఇటాలియన్, ఫ్రెంచ్ అర్థాలు చూసుకోవడానికి ఏదో ఒక సాధనం. పాత వాడుక కోసం 1712 నుంచి 1728 వరకు వెలువడిన రఫాయెల్ బ్లుతో నిఘంటువు స్కాన్ ప్రతులు, మధ్యయుగాల నుంచి పాఠాలు వెతకనిచ్చే కోర్పుస్ దు పోర్తుగేస్ అనే వెబ్‌సైటు. మన దేశపు భాషల్లోకి వచ్చిన మాటల కోసమైతే గోవాలో పుట్టిన సెబాస్తియాఁవు రొదోల్ఫు దల్గాదు 1913లో వేసిన పుస్తకం. ఆసియా భాషల్లోని పోర్చుగీసు మాటలను ఆయన ఏరి పెట్టారు, తెలుగు కూడా ఉంది.

ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. స్క్రీన్ మీద పది ట్యాబులు తెరిచి పెట్టుకుంటే ఏది ఎక్కడ చదివారో అరగంటలో కలగాపులగం అయిపోతుంది.

1. మీ చేతిలో ఉన్నది ఒక మాటా, రెండా?

పోర్చుగీసులో మాంగ అంటే మామిడిపండు. మాంగ అంటే చొక్కా చెయ్యి కూడా. స్పెల్లింగు ఒకటే, పలకడం ఒకటే, పుట్టుకలు మాత్రం ఎక్కడెక్కడివో. మామిడిపండు మాంగ మలయాళం మాఙ్ఙ నుంచి వెళ్ళింది. చొక్కా చెయ్యి లాటిన్ మానికా నుంచి వచ్చింది, లాటిన్‌లో చేతిని మానుస్ అంటారు. అందుకే నిఘంటువులో ఒకే స్పెల్లింగుకు రెండు మూడు పద్దులు ఉంటే మీ అర్థం ఏ పద్దులో ఉందో ముందు గుర్తుపెట్టుకోండి. క్రియ అయితే మూలరూపానికి వెళ్ళండి. చివర "ఇన్యు", "ఇన్య" ఉంటే అవి చిన్నదనాన్ని, ముద్దును చెప్పే ప్రత్యయాలు కావచ్చు, తీసి చూడండి.

2. నిఘంటువు మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి

మీ ఊహను పక్కనపెట్టి, నిఘంటువు ఏ రూపం ఇచ్చిందో అదే రాయండి. మూల రూపానికి ముందు చుక్క గుర్తు, అంటే నక్షత్రం ఉంటే, ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పండితులు లెక్కగట్టి ఊహించారని అర్థం. ఆ నక్షత్రాన్ని వదిలేసి రాయడం చాలామంది చేసే పొరపాటు. "ఒరీజెఁ ఒబ్‌స్కూర" అని ఉంటే పుట్టుక తెలియదని, "కొంత్రొవెర్స" అని ఉంటే పండితుల మధ్య తగువుందని.

మన బాల్చీ సంగతి సరిగ్గా ఇదే. హిందీ బాల్టీ, మన బాల్చీ, రెండింటి వెనకా ఉన్నది పోర్చుగీసు బాల్ది. కానీ ఆ బాల్ది అసలు ఎక్కడిదన్నది తగువు. అలాంటప్పుడు బాల్ది దగ్గరే ఆగాలి. ఆగడం చేతకాకే చాలా తప్పుడు పుట్టుకలు పుట్టుకొస్తాయి.

3. అన్నిటికంటే పాత రూపం వెతకండి

ఇప్పటి రూపంతో పోల్చి చూస్తే సగం సార్లు మోసపోతాం. సౌదాదెనే తీసుకోండి. దగ్గరలేని మనిషి కోసం, గడిచిపోయిన కాలం కోసం లోపల పడే తపన అది. "సౌ" చూడగానే అరబ్బీ మాటలు గుర్తొస్తాయి. మధ్యయుగపు పాటల్లో మాత్రం దాని రూపం సొయిదాదె, సుయిదాదె. అక్కడ్నించి లాటిన్ సొలితాతెం ఒక్క అడుగు దూరం, అర్థం ఒంటరితనం. అచ్చుల మధ్య "ల" పోయింది, "త" మెత్తబడి "ద" అయింది. పలకరించడం అనే అర్థమున్న సౌదార్, ఆరోగ్యం అనే అర్థమున్న సవూది పక్కన తిరిగి తిరిగి "సొయి" కాస్తా "సౌ" అయిందని చెబుతారు. పాత రూపం చేతిలో లేకపోతే ఈ దారి కనిపించేదే కాదు.

ఇక్కడో జాగ్రత్త. పోర్చుగల్‌లో 1911లో స్పెల్లింగు సంస్కరణ జరిగింది. అంతకుముందు "ఫ" కోసం పి-హెచ్, "త" కోసం టి-హెచ్ రాసేవారు, జంట హల్లులు ఎక్కువ. ఇంకా వెనక్కి వెళితే యు, వి ఒకదాని బదులు ఒకటి, ఐ, జె ఒకదాని బదులు ఒకటి వాడేవారు. ఇప్పటి స్పెల్లింగుతో వెతికి "పాత పుస్తకాల్లో లేదు" అనేయకండి. కనీసం మూడు నాలుగు స్పెల్లింగులు మార్చి చూడండి.

4. ధ్వనుల లెక్క వేయండి

ఇది అసలు పని. కొంచెం నిదానంగా చదవండి. లాటిన్ మాట పోర్చుగీసు అయ్యేటప్పుడు ధ్వనులు ఇష్టం వచ్చినట్టు మారలేదు, ఒక వరసలో మారాయి. ఆ వరసలు నాలుగైదు తెలిస్తే మీకు సగం పని తేలిక.

అచ్చుల మధ్య ఒంటరి "న" పోతుంది. లూనా, అంటే చంద్రుడు, లూఅ అయింది. కొరోనా, అంటే కిరీటం, కొరోఅ అయింది. కొన్నిచోట్ల "న" పోతూ పోతూ ముక్కు పలుకు వదిలి వెళ్ళింది. లానా, అంటే ఉన్ని, లాఁ అయింది. ఆ అచ్చు నెత్తిన పెట్టే అల గీత మన అరసున్నకు అన్నదమ్ముల వరస. మనకి "వాఁడు"లో అరసున్న ఒకప్పటి నిండు సున్నకు గుర్తు, వాళ్ళకి ఆ గీత పోయిన "న"కు గుర్తు.

అచ్చుల మధ్య ఒంటరి "ల" కూడా పోతుంది. రంగు అనే కొలోరెం కోర్ అయింది, నొప్పి అనే దొలోరెం దోర్ అయింది, ఎగరడం అనే వొలారె వొఆర్ అయింది. జంట "ల్ల", "న్న" అయితే పోవు, ఒంటరివై మిగులుతాయి. ఏడాది అనే ఆన్నుం ఆను అయింది, గుర్రం అనే కబాల్లుం కవాలు అయింది.

ఇందులోంచే ఒక మంచి పరీక్ష వస్తుంది. ఇప్పటి పోర్చుగీసు మాటలో అచ్చుల మధ్య "ల"గానీ "న"గానీ నిక్షేపంగా ఉందంటే అనుమానించాలి. లాటిన్‌లో అది జంట అక్షరమై ఉండాలి, లేదా దాని పక్కన ఇంకో హల్లు ఉండి ఉండాలి, లేదా మాట తర్వాత ఎక్కడి నుంచో అరువొచ్చి ఉండాలి.

మాట మొదట్లో ప్ల, క్ల, ఫ్ల ఉంటే మూడూ ఒకే ధ్వనిలో కలిసిపోయాయి. వాన అనే ప్లువియా షూవ అయింది, తాళంచెవి అనే క్లావెం షావి అయింది, మంట అనే ఫ్లామ్మా షామ అయింది. నిండు అనే ప్లేనుం షెయు అయింది, ఇందులో "న" కూడా పోయింది చూడండి, రెండు సూత్రాలూ ఒకే మాటలో.

"క్త" ఉంటే "య్త" అవుతుంది. రాత్రి అనే నోక్తెం నోయ్తి, ఎనిమిది అనే ఓక్తో ఓయ్తు, పాలు అనే లాక్తెం లెయ్తి.

అచ్చుల మధ్య ప, త, క మెత్తబడి బ, ద, గ అవుతాయి. తోడేలు లుపుం లోబు, బతుకు వీతం వీద, స్నేహితుడు అమీకుం అమీగు.

లాటిన్ నిఘంటువులో చూసేటప్పుడు ఒక హెచ్చరిక. అక్కడ మొదట కనిపించే రూపం కర్త రూపం. పోర్చుగీసు నామవాచకాలు ఎక్కువగా కర్మ రూపం నుంచి వచ్చాయి. "నోక్స్" చూసి "నోయ్తిలో త ఎక్కడిది?" అని తల పట్టుకోవద్దు. పక్కనే ఉన్న రెండో రూపం "నోక్తిస్" చూడండి, "త" అక్కడుంది. దేవుడు అనే దేవుష్ లాంటి కొన్ని మాటలే కర్త రూపాన్ని నిలబెట్టుకున్నాయి.

ఇంకొక ముచ్చటైన ఆధారం బహువచనం. రొట్టె పాఁవు, చెయ్యి మాఁవు, సింహం లియాఁవు. ఏకవచనంలో మూడింటి చివర ఒకటే. బహువచనంలో పాఁయిష్, మాఁవుష్, లియోఁయిష్ అని విడిపోతాయి, ఎందుకంటే లాటిన్‌లో అవి పానెం, మానుం, లెయోనెం. ఏకవచనం దాచిపెట్టింది బహువచనం చెప్పేస్తుంది. అన్నట్టు, పావ్ భాజీలో పావ్ ఈ పాఁవే. పావు వంతు నుంచి వచ్చిందనే మాటకు ఆధారం లేదు.

5. తద్భవమా, తత్సమమా?

మనకు సంద్రం, సముద్రం రెండూ ఉన్నట్టే వాళ్ళకీ ఉన్నాయి. జనం నోట నలిగి వచ్చింది షెయు. చదువుకున్నవాళ్ళు లాటిన్ పుస్తకాల్లోంచి తిన్నగా తెచ్చుకున్నది ప్లేను. రెండూ ప్లేనుం పిల్లలే. మచ్చ అనే అర్థమున్న మాకులా నుంచి మనోవేదన అనే మాగ్వ, వల కన్ను అనే మాల్య, మరక అనే మాకుల వచ్చాయి.

కాబట్టి 4వ మెట్టులోని లెక్క తప్పగానే "ఇది లాటిన్ మాట కాదు" అని కొట్టెయ్యకండి. తత్సమమేమో చూడండి. తేదీ ఇక్కడ సాయపడుతుంది: తద్భవాలు తొలినాటి రాతల్లోనే కనిపిస్తాయి, తత్సమాలు సాధారణంగా ఆలస్యంగా వస్తాయి.

6. తోబుట్టువులను అడగండి

షావికి స్పానిష్‌లో యావె, ఇటాలియన్‌లో కియావె, ఫ్రెంచ్‌లో క్లే. వానకి స్పానిష్‌లో యూవియా. నోయ్తికి స్పానిష్‌లో నోచె, ఇటాలియన్‌లో నొట్టె. ఒక్కో భాష తన సూత్రం ప్రకారం మార్చుకుంది, అన్నీ వెనక్కి నడిస్తే ఒకే లాటిన్ మాట దగ్గర కలుస్తాయి. అలా కలిస్తే మీ పని గట్టిపడినట్టే. మిగతా తోబుట్టువుల్లో ఎక్కడా లేకుండా పోర్చుగీసులో మాత్రమే ఉంటే, మాట బయటిదేమోనని చూడాలి.

7. లాటిన్ కాకపోతే, ఎవరితో ఎక్కడ కలిశారో చూడండి

స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియాలోకి 711లో ముస్లిం పాలన వచ్చింది. పోర్చుగల్ దక్షిణ కొసన అది 1249 దాకా నిలిచింది. ఆ కాలపు మాటల్లో చాలావాటికి ముందు అరబ్బీ "అల్" అతుక్కుని ఉంటుంది: పత్తి అల్గొదాఁవు, ఆలివ్ నూనె అజెయ్తి, పంచదార అసూకర్. చివరి రెండింటిలో "ల" తర్వాతి హల్లులో కలిసిపోయింది. ఈ అసూకర్‌ను ఇంకా వెనక్కి తీసుకెళితే పారశీకం మీదుగా సంస్కృత శర్కర దగ్గర తేలుతుంది, అంటే మన చక్కెరకు దూరపు చుట్టం. నారింజ కూడా అంతే: సంస్కృత నారంగం, పారశీకం, అరబ్బీ దాటి పోర్చుగీసులో లరాంజ అయింది. అలాగని "అల్" కనిపించిన ప్రతి మాటా అరబ్బీ కాదు. ఆత్మ అనే ఆల్మ లాటిన్ ఆనిమా నుంచి వచ్చింది.

వాస్కో ద గామా 1498లో కాలికట్ దగ్గర దిగాడు. మిరియాల బేరాలు మలబారు తీరంలో సాగాయి. అందుకే టేకు అనే తేక, పనసపండు అనే జాక, గంజి నుంచి వచ్చిన కాంజ మలయాళం వైపు చూపిస్తాయి. మనకీ టేకు, గంజి ఉన్నాయి కాబట్టి "ఇవి తెలుగు నుంచే వెళ్ళాయి" అని చెప్పాలనిపిస్తుంది. మన భాష మీద ప్రేమ నాకూ ఉంది. కానీ దిగింది ఎక్కడో, మాట్లాడింది ఎవరితోనో చూసి చెప్పడమే భాషకు మనమిచ్చే మర్యాద.

1500లో బ్రెజిల్ చేరాక తుపి భాష నుంచి అనాసపండు అననాష్, జీడిమామిడి కజూ వచ్చాయి. అంగోలా కింబుందు నుంచి కడగొట్టు బిడ్డ అనే కసూల వచ్చింది. టీ అనే షా చైనాది. ఈ షాను చూపించి "ష అంటే క్ల, ప్ల కదా" అని లాటిన్‌లో వెతికితే ఏమీ దొరకదు. టోపీ అనే షపేవు కూడా అంతే, అది పాత ఫ్రెంచ్ నుంచి అరువు.

8. అక్కడి నుంచి మన దగ్గరికి

ఇది వేరే ప్రశ్న, వేరేగా తేల్చాలి. మాట పోర్చుగీసులో ఎలా పుట్టింది అన్నది ఒకటి, మనకి ఎవరి ద్వారా వచ్చింది అన్నది మరొకటి.

షావినే దగ్గరగా చూద్దాం. ఇప్పుడు లిస్బన్‌లో "ష" అంటారు, మరి హిందీలో చాబీ, మరాఠీలో చావీ అని "చ" ఎందుకుంది? 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు ఆ అక్షరాలను "చ" అనే పలికేవారు. తర్వాత వాళ్ళ దగ్గర "చ" పోయి "ష" అయింది, మన దేశంలో పాత పలుకు నిలిచిపోయింది. ఇప్పటి పలుకుతో పోల్చి "కుదరడం లేదు" అనుకునేవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు.

మరి మన తాళంచెవిలో "చెవి" ఆ చావియేనా? తేల్చడానికి దారి చెబుతాను. తాళపుచెవి అనే మాట 1498కి ముందు తెలుగు కావ్యాల్లో, శాసనాల్లో ఒక్కసారి కనిపించినా పోర్చుగీసు వాదం అక్కడితో సరి. కనిపించకపోతే మాత్రం అది పోర్చుగీసు అని రుజువైనట్టు కాదు, మనకు చెవి అనే సొంత మాట ఎలాగూ ఉంది.

మేస్త్రీ దారి ఇంత చిక్కుగా ఉండదు. లాటిన్ మగిస్త్రుంలో మధ్య "గ" పోయి మెస్త్రి అయింది, అర్థం గురువు, పనిలో ఆరితేరినవాడు. ఇల్లు కట్టే మేస్త్రీ, ఇంగ్లీషు మాస్టర్ ఒకే తాత మనవలు.

తరచుగా జరిగే తప్పులు

తేదీ చూడకపోవడం అన్నిటికంటే పెద్దది. పోర్చుగీసు ఒబ్రిగాదు నుంచి జపనీస్ అరిగాతో వచ్చిందని ఎంతమంది పంచుకుంటారో! పోర్చుగీసువాళ్ళు జపాన్ చేరింది 1543లో. అరిగాతోకు తల్లి మాట అరిగతషి అంతకు వందల ఏళ్ళ ముందే జపనీస్ రాతల్లో ఉంది. ఒబ్రిగాదు తన దారిన లాటిన్ ఒబ్లిగాతుం నుంచి వచ్చింది, మీకు కట్టుబడి ఉన్నానని అర్థం.

రెండోది, ఇద్దరికీ ఉమ్మడి తాత ఉండొచ్చని మరచిపోవడం. సబ్బు పోర్చుగీసు సబాఁవు నుంచే వచ్చిందని నేను చాలా ఏళ్ళు నమ్మాను, నలుగురిలో చెప్పాను కూడా. అరబ్బీలో సాబూన్ ఉంది, అది ఉర్దూ, హిందీల మీదుగా దక్కనులో తిరిగిన మాట. సబాఁవు, సాబూన్ రెండింటి వెనకా ఉన్నది లాటిన్ సాపోనెం. పోలిక చూసి నేను ఒక తలుపు మూసేశాను. కమీజు కూడా ఇలాంటిదే: పోర్చుగీసు కమీజకు దగ్గరగా ఉన్నా, మనకొచ్చింది అరబ్బీ, ఉర్దూల దారిన.

మూడోది, దారి మధ్యలో ఆగిపోవడం. "బొప్పాయి పోర్చుగీసు మాట" అంటే సగం నిజం. వాళ్ళు మోసుకొచ్చారు, మాట పుట్టింది అమెరికా ఖండపు ఆదివాసుల భాషలో.

ఇక ఈమధ్య చాట్‌బాట్‌ను అడిగి అదే జవాబుగా పెట్టేస్తున్నారు. అది చెప్పిన మూల రూపం నిఘంటువులో ఉందో లేదో చూడకుండా రాయకండి. తడబాటు లేకుండా చెప్పినంత మాత్రాన అది నిజం కాదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

వెనక్కి నడిచారు కదా, ఇప్పుడు ముందుకు నడవండి. లాటిన్ రూపం రాసుకుని, 4వ మెట్టులోని సూత్రాలు ఒక్కొక్కటే వేసుకుంటూ రండి. చివరికి మీ మాట రావాలి. రాకపోతే ఏ అక్షరం దగ్గర తేడా వచ్చిందో గుర్తుపెట్టి, దానికి కారణం వెతకండి.

జనేలతో చేసి చూడండి, అంటే కిటికీ. తమిళ జన్నల్, బెంగాలీ జానాలా దీని సంతతే. నిఘంటువు ఇచ్చే మూలం నక్షత్రం గుర్తుతో యానుయెల్లా, తలుపు అనే యానుఆకు చిన్నది. ముందుకు నడిస్తే మొదటి "య" "జ" అవుతుంది, చివర "ల్ల" జంట కాబట్టి ఒంటరి "ల"గా మిగిలింది, బాగుంది. మరి "న" ఎందుకు పోలేదు? అక్కడ "ను" తర్వాత ఇంకో అచ్చు ఉంది చూడండి. ఆ "ను" "న్వ"గా పలికింది కాబట్టి "న" అచ్చుల మధ్య ఒంటరిది కాదు, అందుకే బతికింది. ఒక్క మాటతో నమ్మకం కుదరదు, అదే పరిస్థితి ఉన్న రెండో మాట కావాలి. యానువారియుస్ నుంచి వచ్చిన జనవరి నెల పేరు జనెయ్రు, అక్కడా "న" నిలిచింది.

ఇలా రెండో సాక్షి దొరికాక నోటు పుస్తకంలో ఒకే వరసలో రాయండి: మాట, అర్థం, పాత రూపం, శతాబ్దం, మూలం, తోబుట్టువులు, చివర "ఖాయం", "కావచ్చు", "తేలలేదు" వీటిలో ఒకటి. జనేల పక్కన నేను "ఖాయం, మూల రూపానికి నక్షత్రం" అని రాసుకున్నాను. బాల్ది పక్కన "తేలలేదు" అని ఉంది.